వాగు మీద ఏడ్చిన పాట

రెండు చీరలు, రెండు రవికెలు, ఒక తువ్వాల, కొబ్బరినూనె సీసా, పాత గుడ్డలో మూటకట్టిన సర్వపిండి. ఇవి సంచిలో పెట్టడానికి నాకు గంట పట్టింది. పెట్టినవి తీశాను, తీసినవి మళ్లీ పెట్టాను. నూనె సీసా మూత ఊడుతుందేమోనని దారం చుట్టాను. ఆ దారం తెగుతుందేమోనని దాని మీద ఇంకో దారం చుట్టాను. మా చెల్లెలు బాలవ్వ గడపలో కూచుని తల దువ్వుకుంటూ నన్నే చూస్తోంది.

"ఎన్నిసార్లు సదురుతవే అక్కా? నేను పోయేది మూడు దినాలకు. నువ్వు సదిరేది చూస్తే నన్నుగూడ మడతవెట్టి అండ్లనే పెట్టేటట్టున్నవు," అంది.

నేను సంచి మూతి బిగించి చేతులు కొంగుకు తుడుచుకున్నాను. ఆ సంచిని ముట్టుకోవడమే నాకు ఇష్టం లేదు. అది రెగ్జిన్ సంచి. దాని మీద పచ్చరంగు చెట్టు, చెట్టు కింద "ప్రకృతిని కాపాడుకుందాం" అని అచ్చు, ఆ కింద చిన్న అక్షరాలతో లారీల గుత్తేదారు దామోదర్‌రావు పేరు ఉన్నాయి. మూడు నెలలు ఎండకు ఆరేసినా కిరసనాయిలు కంపు పోలేదు. మా ఇంట్లో ఇంకో సంచి లేదు. ఒక గుడ్డసంచి ఉండేది. డెబ్బై నాలుగులో నా పెనిమిటి అంతయ్య దాన్ని భుజాన వేసుకుని భీవండికి మగ్గం పనికి పోయాడు. రెండేళ్లకు ఆయన చనిపోయిన కబురు ఒక కార్డు ముక్క మీద వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరు ఎక్కడికి బయలుదేరినా, మంచిర్యాల సంతకు పోయినా సరే, వాళ్ల సంచి విప్పి మళ్లీ మళ్లీ సర్దుతాను.

బాలవ్వ పోయేది హైదరాబాదుకు. అక్కడ పెద్ద సభలో, పెద్ద పెద్ద అధికారుల ముందర, పర్యావరణం పాట పాడడానికి. ఆ పాట సంగతి మొదటి నుంచి చెప్పాలి.

మమ్మల్ని కన్న అవ్వ చనిపోయేనాటికి బాలవ్వకు నాలుగేళ్లు, నాకు పదమూడు. నేనే చంకన వేసుకుని పెంచాను. నస్పూర్‌లో ఇస్తే, పెళ్లయిన ఆరేళ్లకే భర్త పోయి, మళ్లీ నా దగ్గరికే వచ్చింది. పిల్లలు నాకూ లేరు, ఆమెకూ లేరు. ఇద్దరం కూలికి పోయేవాళ్లం, ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లం. నేను కిరాణా పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. బాలవ్వకు అక్షరం రాదు కాని, ఆమె గొంతు నాలుగు ఊళ్లకు తెలుసు.

మా దిక్కు ఎవరైనా పోతే ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. అది ఒట్టి ఏడుపు కాదు. పోయినవాళ్లను వరుస పెట్టి పిలుస్తూ, వాళ్లు పడ్డ బాధలన్నీ చెప్తారు, వాళ్లకు ఎవరు ఏ అన్యాయం చేశారో పేరు పెట్టి మరీ చెప్తారు. ఆ వేళ ఏమన్నా తప్పులేదు. అన్నం పెట్టని కొడుకైనా, భూమి మింగిన పాలివాడైనా తల వంచుకుని వినాల్సిందే. బాలవ్వ రాగం ఎత్తితే రాయిలాంటి మగవాళ్లు కూడా లేచి అవతలకు పోయేవారు. చావు జరిగిన ఇంటినుంచి ముందు ఆమెకే పిలుపు వచ్చేది.

దానికి ఒక్కటే కట్టడి. శవం లేనిదే ఆ రాగం ఎత్తకూడదు. బతికున్నవాళ్ల పేరు మీద ఏడిస్తే వాళ్ల ఆయుష్షు తీసినట్టే. ఎనిమిదేళ్లప్పుడు బాలవ్వ ఆటలో బొమ్మను పడుకోబెట్టి ఆ రాగం తీస్తే, నేను దాన్ని చీపురుతో కొట్టాను. ఆ ఒక్కసారే కొట్టాను.

ఊరికి తూర్పున బొగ్గుబాయి తవ్వడం మొదలుపెట్టాక, పైమట్టి ఎత్తిపోసే గుత్త దామోదర్‌రావు పట్టాడు. వాళ్ల తాత కాలంలో పక్క ఊరు వాళ్లదే. భూములు కొన్ని అమ్మి ఇరవై లారీలు కొన్నాడు. మట్టిని నాలుగు మైళ్ల అవతల బంజరులో పోయాలి. డీజిల్ మిగులుతుందని మా వాగులోనే పోయించాడు. ఏడాది తిరిగేసరికి వాగు సగం పూడింది. మిగిలిన నీళ్లు నల్లగా, మీద నూనె తెట్టు కట్టి ఉండేవి. పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. అయినా వాగుకు ఎగువన, పై వంకలో, ఇసుక తోడి చేసిన చెలిమెలు నాలుగు మిగిలాయి. వాటిలో నీళ్లు తేటగా ఊరేవి. ఊరంతా ఆ నీళ్లే తాగాము.

తొంబై ఒకటి డిసెంబరులో లక్ష్మీరాజం మా ఇంటికి వచ్చాడు. చొప్పదండి పిల్లవాడు, ముప్పై ఏళ్లుంటాయి. కరీంనగర్‌లో క్యాసెట్ల దుకాణం పెట్టి, పాటలు కట్టి అమ్ముతాడు. మార్చిలో పర్యావరణ వారోత్సవాలకు పెద్ద అధికారి వస్తున్నాడని, ఆయన ముందర వాయించడానికి కొత్త తరహా పాట ఒకటి కట్టిమ్మని దామోదర్‌రావు అతనికి చెప్పాడట. పట్నం పిల్లలు ఎగిరి దుమికే పాట కావాలి, మధ్యలో మాత్రం పల్లెటూరి ఆడదాని గొంతు వినిపించాలి, ఇప్పుడు అదే నడుస్తోంది అన్నాడు. వాగును పూడ్చినవాడికి వాగును కాపాడమనే పాట ఎందుకని అడిగాను. అతను నవ్వి టేపురికార్డరు సర్దుకున్నాడు.

బాలవ్వ వరినాట్ల పాటలు పాడింది. అవి అతనికి నచ్చలేదు. గుండె పిండేది కావాలన్నాడు. శవాల మీద ఆమె ఏడ్చే రాగం గురించి ఎవరో చెప్పి ఉంటారు, అది తియ్యమన్నాడు. శవం లేకుండా తియ్యనని బాలవ్వ అంది. అతను బతిమిలాడలేదు. "సరే చిన్నవ్వా, జర వాగు దాక రా, చూసొద్దాం," అన్నాడు.

చెలిమెలకు పై వంక దారిన పోతాం కాబట్టి, లారీలు మట్టి పోసే దిక్కుకు మేము పోక చాలా రోజులైంది. ఆ రోజు పోయాము. ఒడ్డున నిలబడగానే కంపు ముక్కు పగిలేటట్టు కొట్టింది. చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. వాటి మీద ఈగలు. లారీ డ్రైవర్లు ఒడ్డంతా పాడుచేసి పెట్టారు. మా అవ్వ మమ్మల్ని కూచోబెట్టి వీపు రుద్దిన బండ సగం మట్టిలో కూరుకుపోయి, దాని మీద చచ్చిన గేదె దూడ పడి ఉంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాను. బాలవ్వ తిరగలేదు. నేలమీద కూలబడింది. నేను ఆమె నోరు మూద్దామని ఉరికేసరికే రాగం లేచింది.

"ఓ తల్లీ, నా వాగు తల్లీ, నీ కడుపుల మన్నువోసిన్రా తల్లీ. దామోదర్‌రావు లారీలు నీ గొంతుల దిగినయా తల్లీ. దూపైతే నీళ్లిచ్చినవు, నీకు దూపైతే మేమేమిచ్చినం తల్లీ…"

పావుగంట ఏడ్చింది. లక్ష్మీరాజం మోకాళ్ల మీద కూచుని టేపురికార్డరు ఆమె మూతి దగ్గర పట్టుకున్నాడు. అతని కళ్లలో కూడా నీళ్లున్నాయి. వాటితోపాటు సంతోషం కూడా ఉంది.

పక్కింటి ఐలవ్వ అటుగా పోతూ ఆ రాగం విన్నది. ఇంటికి పోయి కుండల్లో నీళ్లన్నీ పారబోసింది. సాయంత్రానికి ఊరంతా పారబోశారు. రాగం ఎత్తినాక చావు చావే. వాగు పోయింది, మైల పట్టింది, ఆ నీళ్లు శవం నీళ్లు అన్నారు. బాలవ్వ పొరపాటున ఏడ్చిందని, పై వంకలో చెలిమెలు తేటగానే ఉన్నాయని ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఎవరూ వినలేదు. మూడోరోజు ఆడవాళ్లంతా కలిసి, మనిషికి చేసినట్టే, అన్నం వండి విస్తరిలో వాగొడ్డున పిట్టకు పెట్టారు. పిట్ట ముట్టితే పోయినవాళ్లకు తృప్తి అయినట్టు. ముట్టకపోతే వాళ్లకు ఏదో కోరిక మిగిలినట్టు, అది తీరుస్తామని మాట ఇవ్వాలి.

ఆ దుమ్ములోకి పిట్ట ఎక్కడినుంచి వస్తుంది? పొద్దు నడినెత్తికి వచ్చింది. అన్నం మీద నల్లటి ధూళి పొరలా పడింది. అందరూ బాలవ్వ దిక్కు చూశారు. ఏడ్చినది ఆమె కాబట్టి, మాట ఇవ్వాల్సింది కూడా ఆమే. బాలవ్వ లేచి చేతులు జోడించి, "నీ మీది మట్టి తీపిస్త తల్లీ. తీపిచ్చేదాక ఊకోను. ముట్టు," అంది.

కొద్దిసేపటికి అవతలి ఒడ్డు నుంచి ఒక కాకి వచ్చింది. రెక్కలు దుమ్ముకొట్టుకుని ఉంది. ఒక్క మెతుకు ఎత్తుకుని పోయింది. ఆడవాళ్లు స్నానాలకు లేచారు. ఆ కాకి రాకుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మేము చెలిమెలు విడిచిపెట్టిన వారానికే దామోదర్‌రావు ఊరికి నీళ్ల ట్యాంకరు పంపాడు. అది డీజిల్ పోసిన ట్యాంకరు. నీళ్లు నోట్లో పోసుకుంటే నాలుక మీద జిడ్డు అంటుకునేది. జనం అతన్ని మెచ్చుకుంటూ ఆ నీళ్లే తాగారు. నేను తాగిన ప్రతిసారీ వాంతి ఆపుకున్నాను.

మార్చిలో బడి మైదానంలో వారోత్సవాలు జరిగాయి. వేదిక మీద థర్మాకోల్ చెట్టు పెట్టారు. జనరేటరు పొగ ముందు వరసలోకి కొట్టింది. బాలవ్వకు పచ్చచీర కట్టించి, చంకలో ఖాళీ బిందె పెట్టించి, ఒక మూలన నిలబెట్టారు. పాడాల్సిన పనిలేదు, టేపు వేస్తారు, కదలకుండా ఉంటే చాలన్నారు. మెరుపు బట్టలు తొడుక్కున్న పట్నం పిల్లలు డ్రమ్ములకు ఎగిరారు. "చెట్టూ చేమా మన దోస్తులురా, వాగూ వంకా మన ఆస్తులురా" అని అరిచారు. మధ్యలో డ్రమ్ములు ఆగి, పెద్ద డబ్బాల్లోంచి మా బాలవ్వ గొంతు వచ్చింది. "ఓ తల్లీ… ఓ తల్లీ…" అంతే. దామోదర్‌రావు పేరున్న ముక్క కోసేశారు. మట్టి మాట కోసేశారు. శవం ముందు తీసే రాగానికి జనం ఈలలు వేశారు. ముందు వరసలో ఒకాయన కూల్‌డ్రింకు తాగుతూ కాలితో తాళం వేశాడు.

తర్వాత మొక్కలు నాటారు, ఫొటోలు దిగారు, బిర్యానీ తిన్నారు. ఎంగిలి విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, మొక్కల నల్లకవర్లు అన్నీ ట్రాక్టరులో వేసి తెచ్చి వాగులోనే పోశారు. కుక్కలు బిర్యానీ ఎముకల కోసం కొట్లాడుకున్నాయి. వచ్చినవాళ్లందరికీ తలా ఒక రెగ్జిన్ సంచి ఇచ్చారు. మొక్కలను వారంలో మేకలు తిన్నాయి.

పాట మాత్రం బాగా నడిచింది. చాయ్ హోటళ్లలో అదే, పెళ్లి ఊరేగింపుల్లో అదే. మట్టి లారీ వెనక్కి వచ్చి వాగులో దిమ్మరిస్తుంటే ముందు క్యాబిన్లో అదే పాట మోగేది. అది విన్నప్పుడల్లా బాలవ్వ తినే అన్నం పక్కన పెట్టేది.

ఏప్రిల్ నెలలో పంచాయతీ గోడకు ఒక కాగితం అంటించారు. వాగు గర్భంలో మట్టి పోసుకోవడానికి దామోదర్‌రావు రాతపూర్వకంగా అనుమతి అడిగాడు. గ్రామస్థులు ఆ వాగు నీటి వాడకాన్ని తమంతట తామే మానుకున్నారని, దానికి కర్మ కూడా జరిపించారని, కాబట్టి దానితో ఎవరికీ అవసరం లేదని అందులో ఉంది. ఊళ్లో అటూ ఇటూ పోయేవాళ్లు చాలామంది ఆ కాగితం చూశారు కాని, ఎవరూ ఆగి చదవలేదు. నేను ఆగి చదివాను. చదివిన దాన్ని మనసులో పెట్టుకుంటే అయిపోయేది. ఇంటికి వచ్చి పూసగుచ్చినట్టు బాలవ్వకు చెప్పాను. ఆ తప్పు నాది.

ఇద్దరం దామోదర్‌రావు ఇంటికి పోయాము. వరండాలో గడ్డం గీయించుకుంటున్నాడు. వాగు చావలేదని, పై వంకలో ఇంకా నీళ్లున్నాయని, తాను తప్పుగా ఏడ్చానని బాలవ్వ అతనికి చెప్పింది. అతను కోపం చేయలేదు. మొహాన సబ్బు నురగతోనే మెల్లగా మాట్లాడాడు.

"వాగును నేను సంపిన్నా బాలవ్వా? నువ్వే ఏడిస్తివి. మీ ఊరోళ్లే పిట్టకు పెడితిరి. సచ్చినదాని మీద మన్ను పొయ్యకుంటే ఇంకేం జేస్తరు?"

గడ్డం గీసే సిద్దిరాములు నవ్వు ఆపుకున్నాడు. లోపలినుంచి మాకు రెండు గ్లాసుల మజ్జిగ వచ్చింది. నేను తాగలేదు.

తిరిగి వస్తూ దారిలో బాలవ్వ ఒక్క మాట అంది. "నా నోటితోనే సంపిన అక్కా. బతికున్నదని గూడ నా నోటితోనే చెప్పాలె. పెద్దోళ్లు కూసున్న కాడ చెప్పాలె."

మే నెలలో లక్ష్మీరాజం మళ్లీ వచ్చాడు. జూన్ ఐదున హైదరాబాదులో సభ ఉందని, క్యాసెట్టులోని అసలు మనిషిని చూడాలని అక్కడివాళ్లు అడిగారని, పోనూ రానూ ఖర్చులు తానే చూసుకుంటానని అన్నాడు. అతను మాట పూర్తి చేయకముందే బాలవ్వ వస్తానంది.

నేను చెప్పాల్సినదంతా చెప్పాను. ఆ మెరుపు బట్టలవాళ్ల మధ్య నిన్ను మళ్లీ బొమ్మలా నిలబెడతారు, నీ మాట ఎవరూ వినరు, నీకు బస్సు బోర్డు చదవడం కూడా రాదు అన్నాను. నేనూ వస్తానన్నాను. ఒక్కరికే చోటుందన్నాడు లక్ష్మీరాజం. టికెట్టు కొనుక్కునే పైసలు మా దగ్గర లేవు. చివరికి ఆ కంపు సంచి సర్ది, బస్సు దాకా మోసింది నేనే.

బస్సు ఎక్కే ముందు, "పోకే బాలీ. వాగు పోతే పోనీ," అన్నాను.

"గట్లనకే. మాటిచ్చిన," అంది. కండక్టరు విజిల్ వేశాడు. కిటికీ దగ్గర ఎవరో లావుపాటి మనిషి కూచుని ఉండడంతో ఆమె మొహం కూడా సరిగ్గా కనబడలేదు.

ఆమె పోయిన మర్నాడు నేను బిందె తీసుకుని పై వంకకు పోయాను. పూడిపోతున్న చెలిమెను చేతులతో తోడాను. నీళ్లు ఊరాయి. బిందె నింపుకుని ఊరి నడుమ నుంచి నడిచి ఇంటికి వచ్చి, ఐలవ్వ చూస్తుండగా చెంబుతో ముంచుకుని తాగాను. శవం నీళ్లు తాగిందని ఆమె మూతి తిప్పుకుంది. వారం రోజులు అట్లాగే తెచ్చుకున్నాను. ఎనిమిదో రోజు పోయేసరికి పై వంకలో కూడా లారీలు దిగాయి. నాలుగు చెలిమెలూ మట్టి కింద ఉన్నాయి. ఆ వారంలోనే మా ఊరికి ట్యాంకరు రావడం ఆగింది.

బాలవ్వ పోయిన పదో రోజున లక్ష్మీరాజం ఒక్కడే తిరిగి వచ్చాడు. మా వాకిట్లో నిలబడి, నా మొహం చూడకుండా, జరిగింది చెప్పాడు. సభలో టేపు మోగుతుండగా బాలవ్వ బిందె కింద పెట్టి, ఎగురుతున్న పిల్లల మధ్య నుంచి నడిచి వచ్చి మైకు అందుకుందట. రాగం తియ్యలేదట. "మా వాగు సావలే. నేను తప్పు ఏడ్సిన. దాని మీది మట్టి తియ్యున్రి," అని మూడుసార్లు చెప్పిందట. అది కూడా పాటలో భాగమే అనుకున్నారు వాళ్లు. అందరూ చప్పట్లు కొట్టారట. లేచి నిలబడి మరీ కొట్టారట. ఆమె ఇంకా మాట్లాడుతుండగానే డ్రమ్ములు మొదలయ్యాయి. ఒక పెద్దాయన వచ్చి ఆమెకు శాలువా కప్పాడు.

మర్నాడు బస్సు ఎక్కనందట. మట్టి తియ్యమని ఆర్డరు రాసే ఆఫీసు ఏదో చూపించమని పట్టుబట్టింది. అతను చూపించాడు. ఆమె ఆ గేటు ముందర కూచుంది.

"ఎంత చెప్పినా ఇనలే పెద్దవ్వా. మట్టి తీసిన్రని కబురు పంపు, గప్పుడొస్త అన్నది," అన్నాడు.

నువ్వు విడిచిపెట్టి ఎట్లా వచ్చావని అడిగాను. దుకాణం ఉందన్నాడు. జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి అరుగు మీద పెట్టాడు. నేను దాన్ని చీపురుతో వాకిట్లోకి నెట్టాను.

జూలైలో చెవుల కమ్మలు అమ్మి హైదరాబాదు పోయాను. బోర్డులు చదువుకుంటూ ఆ గేటు దొరకబట్టుకున్నాను. అక్కడి కావలివాడికి బాలవ్వ గుర్తుంది. పదహారు రోజులు గోడవారన కూచుందని, లోపలికి పోయే ప్రతి కారుకూ చేతులు అడ్డం పెట్టేదని, ఎవరో పెద్దమనిషి చిరాకుపడితే ఆడపోలీసులు వచ్చి లేపి వ్యానులో తీసుకుపోయారని చెప్పాడు. ఠాణాకు పోతే, పొలిమేరలో దింపేశామన్నారు. ఏ పొలిమేర అని అడిగాను. రాసుకోలేదన్నారు. నాలుగు రోజులు తిరిగాను. దవాఖానాలు చూశాను, గుళ్ల ముందర చూశాను. పట్నం మురికి కాలువల పక్కన పడుకున్న ముసలివాళ్ల మొహాల మీది గుడ్డలు తీసి చూశాను. డబ్బులు అయిపోయాక వచ్చేశాను.

మట్టి ఎవరూ తీయలేదు. ఇప్పుడక్కడ వాగు ఉండేదని చెప్తే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. అంతా మట్టిగుట్టే. దాని మీద దామోదర్‌రావు మనుషులు మొక్కలు పెట్టి బోర్డు నాటారు. ఏటా జూన్ ఐదున మైకు కట్టి ఆ పాట వేస్తారు. బాలవ్వ గొంతు వస్తుంది. నేను తలుపు వేసుకుని, చెవుల్లో గుడ్డలు కుక్కుకుంటాను.

మనిషి పోయిన ఇంట్లో రాగం తీసి ఏడవాలి కదా, ఎందుకు ఏడవవు అని ఐలవ్వ అడుగుతుంది. శవం చూడలేదు. చూడకుండా ఏడవను.

నా చెల్లెలు బాలవ్వ పంతొమ్మిది వందల తొంబై రెండు జూన్ మూడో తారీకు, బుధవారం, పొద్దున ఏడున్నర బస్సుకు హైదరాబాదు పోయింది. తిరిగి రాలేదు.